మణికట్టు మీది కాపు

తిరువళ్ళూరు
మే 1

ప్రియమైన నాయనకు,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నీ కుడిచెయ్యి సంగతి చెప్పు.

ఈ ఉదయం వరదన్ చిన్నాయన రైలు దిగి పనికి పోతూ మా హాస్టల్ దగ్గర ఆగి నీ ఉత్తరం ఇచ్చాడు. మోటారు బాగైందని, ఆవు ఈనిందని, అమ్మ ఇడ్లీ ఇష్టంగా తిన్నదని రాశావు. బండి మీదనుంచి పడ్డావన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. అది చిన్నాయన నోటినుంచి జారింది. "గడ్డిమోపు ఏసుకోని కాలవ గట్టు మీద వస్తా ఉంటే బండి జారిపొయ్యింది మా. అరచెయ్యి ఆనించి పడినాడు. ఏం కాలేదులే, నూనె రాసి గుడ్డ కట్టుకున్నాడు మీ నాయన" అన్నాడు. ఆయన చెప్పకపోయినా నీ అక్షరాలు చెప్పేవి. భారతం పద్యాలు అంత పొందికగా రాసుకునే నువ్వు ఈసారి కోడి కెలికినట్టు రాశావు.

నీతో ఫోన్లో మాట్లాడి లాభం లేదు. నీ చెవికి సగం మాట అందదు, "ఆఁ, అందరం బాగుండాం" అని పెట్టేస్తావు. అందుకే ఈ రాతలు. అదీగాక నువ్వు నా ఉత్తరం చదువుతుంటే అమ్మ వింటుందని నాకు ఆశ. ఆమె మాట్లాడలేకపోయినా వింటుంది కదా.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూడు. వేలి మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో ఎడమచేతి వేలితో నొక్కు. ప్రాణం జివ్వుమంటే అది బెణుకు కాదు. ఆ గుంట అడుగున జీడిపప్పంత ఎముక ఒకటి ఉంటుంది. అరచెయ్యి ఆనించి పడ్డవాళ్ళకు చిట్లేది అదే. వాపు పెద్దగా ఉండదు, చెయ్యి వంకర పోదు, అందుకే జనం నూనె రాసుకుని ఊరుకుంటారు. నేను పనిచేసేది ఆపరేషన్ థియేటర్‌లో నాయనా. అట్లా ఊరుకుని ఆర్నెల్లకు వచ్చినవాళ్ళను చూస్తూనే ఉన్నాను.

రేపే రా. ఎక్స్-రే తీయిస్తాను. భారతానికని చేతికి కాపు దారం కట్టుకున్నావనీ, ఊరి పొలిమేర దాటకూడదనీ నాకు తెలుసు. తెలిసే రమ్మంటున్నాను. పోయిన ఏడు పక్షవాతం వచ్చినప్పటినుంచి అమ్మను మంచంనుంచి కుర్చీకి, కుర్చీనుంచి మంచానికి ఎత్తేది ఆ చెయ్యే. అది పాడైతే ఏం చేస్తావు?

అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఒక్క ముక్క కూడా వదలొద్దు.

నీ మొండితనమే పుణికి పుచ్చుకున్న కూతురు,
నిత్య


మన ఇంటినుంచి
మే 2

బంగారు తల్లి నిత్యకు,

నాయన ఆశీస్సులు. నీ ఉత్తరం సాయంత్రమే వరదన్ తెచ్చి ఇచ్చాడు. నువ్వు చెప్పిన గుంట నొక్కి చూశాను. నొప్పి ఉంది. ప్రాణం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.

అమ్మకు చదివి వినిపించాను. చేతి సంగతి దాటేశాను. నాలుగు పక్కల ఉత్తరం అంత తొందరగా ఎట్లా అయిపోయిందని కాగితం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. నీ తల్లిని మోసం చేయడం ఎప్పుడూ కష్టమే.

నువ్వు చిన్నప్పటినుంచి చూసిందే అయినా ఒకసారి గుర్తు చేస్తాను, ఎందుకంటే పట్నంలో ఉన్నవాళ్ళకు ఇవి కథల్లా అనిపిస్తాయి. ద్రౌపదమ్మ గుడిముందు ఏటేటా ఆడే భారతం మొదలయ్యే రోజు పూజారి నా కుడి మణికట్టుకు పసుపు దారం కట్టాడు. పట్టాభిషేకం అయ్యేవరకు అది చేతిమీద ఉండాలి. ఉన్నన్ని రోజులూ నేను తణికాచలాన్ని కాను, అర్జునుణ్ణి. తపస్సు రోజున అంత పొడుగు తాటిమాను ఎక్కి, కొనన కూర్చుని పద్యాలు పాడి, కింద కొంగులు పట్టి నిలబడ్డ ఆడవాళ్ళకు నిమ్మకాయలు, విభూతి విసిరేది మన ఇంటివాడే. మా నాయన ఎక్కాడు, ఆయన తర్వాత నేను ఎక్కుతున్నాను.

కాపు విప్పేది పూజారే, అది కూడా చివరిరోజునే. మధ్యలో ఎవరి చేత్తో తెగితే కీడు వాళ్ళకే తగులుతుంది. కట్టుకున్నవాడికి కాదు, తెంచినవాళ్ళకు. ఒకప్పుడు భీముడి వేషానికి కాపు కట్టుకున్న అరుణాచలం తాత చెల్లెలు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆటకని అన్న చేతి కాపు లాగేసింది. ఆ వానాకాలం దాటలేదు ఆ పిల్ల. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆయన చెప్పేటప్పుడు ఆయన గొంతు విన్నాను.

ఇంకో సంగతి. నీకు ముందే చెప్పి ఉండాల్సింది. ఈ ఏడు మాను ఎక్కేది ఊరికోసం ఒక్కటే కాదు. మీ అమ్మ నోట మళ్ళీ మాట రావాలని కాపు కట్టుకునేటప్పుడు పదిమందిలో మొక్కుకున్నాను. నా పేరు పెట్టి ఒక్కసారి పిలిచినా చాలు, తిట్టినా చాలు.

ఎత్తడానికి ఇబ్బంది లేదు. ఎడమచెయ్యి వీపు కింద వేసి, కుడిచెయ్యి మోచేతి దాకా ఆనించి లేపుతున్నాను. వళ్ళియమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి చెయ్యేస్తున్నది. పక్కింటి మనిషి అయినా తోడబుట్టినదానికన్నా ఎక్కువ చూస్తున్నది.

వేళకు తిను.

ఇట్లు,
నీ నాయన తణికాచలం


తిరువళ్ళూరు
మే 5

ప్రియమైన నాయనకు,

నిన్న ఆదివారం వచ్చి అన్నం తినకుండా వెళ్ళిపోయినందుకు అమ్మకు నా తరఫున చెప్పు. నీకు చెప్పేదేమీ లేదు. ఇద్దరం సమానంగానే అరుచుకున్నాం.

నువ్వు వరండాలో కూర్చుని ఉండగా నీ చెయ్యి పట్టుకుని ఆ గుంటలో నేనే నొక్కాను కదా. చెయ్యి వెనక్కి గుంజుకున్నావు. నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మ చూస్తా ఉండాది, వొద్దు" అన్నావు. నేను కత్తెర తెస్తానన్నాను. అప్పుడు నువ్వన్న మాట రైల్లో తిరువాలంగాడునుంచి ఇక్కడిదాకా నా చెవిలోనే ఉంది: "ఆ మాట ఇంకొకసారి నీ నోట వచ్చిందంటే ఈ గడప తొక్కబాకు." నా ఇరవయ్యారేళ్ళలో నువ్వు నన్ను అట్లా అనలేదు.

కోపం పక్కన పెట్టి, డాక్టర్ జెనిఫర్ మేడమ్ చెప్పింది నీకు అర్థమయ్యేటట్టు రాస్తాను. కీళ్ళూ ఎముకల ఆపరేషన్లు చేసేది ఆమే. ఆ చిన్న ఎముకలోకి నెత్తురు ఒక కొసనుంచే పోతుంది. నడిమికి చిట్లితే అవతలి ముక్కకు నెత్తురు సరిగా అందదు. కదలకుండా ఉంచితేనే అతుకుతుంది. నువ్వేమో ఆ చెయ్యి ఆనించి అమ్మను లేపుతున్నావు, గడ్డి కోస్తున్నావు, రేపు మాను ఎక్కుతానంటున్నావు. అతక్కపోతే ఆ ముక్క లోపలే చచ్చిపోవచ్చు. తర్వాత మణికట్టు అరిగిపోతుంది. నీళ్ళ చెంబు ఎత్తినా నొప్పే.

దారులు రెండు. ఒకటి పిండికట్టు. బొటనవేలు కలిపి మోచేతి కిందిదాకా వేస్తారు. రెండు మూడు నెలలు ఉంచాలి. విప్పాక బిగుసుకుపోయిన చెయ్యి సాగడానికి ఇంకొన్ని వారాలు. రెండోది స్క్రూ. నువ్వు అనుకునే మేకులాంటిది కాదు, దానికి తల ఉండదు. రెండు కొసల్లోనూ మరలు ఉంటాయి, ఒక కొసవి దగ్గరగా, ఇంకో కొసవి ఎడంగా. తిప్పేకొద్దీ రెండు ముక్కలూ ఒకదానివైపు ఒకటి వచ్చి బిగుసుకుంటాయి. చిన్న గాటు పెట్టి, ఎక్స్-రే తెరమీద చూసుకుంటూ ముందు సన్నని తీగ పంపి, ఆ తీగ మీదుగా స్క్రూ ఎక్కిస్తారు. అది ఎముకలోనే ఉండిపోతుంది. రెండు వారాలకు కుట్లు తీసేసరికి వేళ్ళతో అన్నం కలుపుకోవచ్చు, ఉత్తరం రాయవచ్చు. బరువు మాత్రం స్కాన్‌లో అతుకు కనిపించాకే. స్క్రూ వేసినా అతకనివాళ్ళు ఉంటారని కూడా మేడమ్ చెప్పింది. నీకు అబద్ధం చెప్పి రప్పించాలని నాకు లేదు.

ఇప్పుడైతే చిన్న గాటుతో పోతుంది. ముక్కలు పక్కకు జరిగిపోతే చెయ్యి తెరిచి, నడుము ఎముకనుంచి కొంచెం తీసి అక్కడ పెట్టాల్సి వస్తుంది. అప్పుడు నెలలే.

ఆ నెలలన్నీ అమ్మను ఎవరు ఎత్తుతారు? ఇక్కడికి తెచ్చుకుందామంటే పోయిన ఏడు ఆస్పత్రినుంచి ఇంటికి పోయిన రోజు ఆమె మొహం చూశాం కదా, ఇద్దరం. ఆ ఇల్లు వదిలి ఆమె ఉండలేదు. వళ్ళియమ్మ అత్తకు తన నడుమే సరిగా లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. థియేటర్‌లోకి వచ్చేవాళ్ళ చేతికి ఉంగరం ఉండకూడదు, దారం ఉండకూడదు. ఆపరేషన్‌కు ముందు చెయ్యి మందుతో తుడిచేది నేను. ఆ కాపు ఉండగా నేను నీ చెయ్యి తుడవలేను.

అది దారం నాయనా. ఇది నీ చెయ్యి.

నిత్య


మన ఇంటినుంచి
మే 6

నిత్యకు,

ఎక్కువ రాయలేను, వేళ్ళు సహకరించడం లేదు.

దారమే. తాళిబొట్టు కూడా దారమే. అది మీ అమ్మ మెడలో కట్టినప్పుడు ఎవరూ నన్ను దారం కట్టావు అనలేదు.

నువ్వు చదువుకున్నావు. నీ మాటలో తప్పు లేదు. కానీ నేను మొక్కుకున్నది నా పేరుకోసం కాదు. ఒక సంవత్సరంగా ఆమె నోరు తెరిచి తెరిచి, మాట రాక, చివరికి మొహం గోడవైపు తిప్పుకుంటున్నది. అది చూసేది నేను. నా చెయ్యి పోతే ఒక చెయ్యి పోతుంది. మొక్కు తప్పితే ఆమెకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

తపస్సు శనివారం. పట్టాభిషేకం అయ్యాక నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను, ఏం చేయమంటే అది చేయించుకుంటాను. అప్పటిదాకా కత్తెర పట్టుకుని రావద్దు.

గడప తొక్కొద్దన్న మాట కోపంలో అన్నది. ఆ మాట అన్నందుకు మీ అమ్మ ఇప్పటికీ నాకేసి చూడటం లేదు.

నాయన


తిరువళ్ళూరు
మే 7

ప్రియమైన నాయనకు,

కత్తెర తేను. ఇకమీద ఆ మాట కూడా ఎత్తను.

కానీ ఒక్కటి. నాకు నీ ఎముక కన్నా మాను అంటేనే ఎక్కువ భయంగా ఉంది. కొనకు చేరాక పట్టు విడిస్తే ఏమవుతుందో ఆలోచించావా? నిమ్మకాయలకోసం కింద నిలబడ్డవాళ్ళ మధ్య పడతావు. అమ్మను మంచంతో సహా గుడిముందుకు తీసుకువెళ్తానని మొన్న అన్నావు. ఆమె కళ్ళముందే పడతావు.

వరదన్ చిన్నాయనకు ఇవ్వు ఆ పని. నీకు కొడుకుల్లేరు, ఎప్పటికైనా వరుస ఆయనదే. ఈ ఉదయం నేనే అడిగాను. ఆయన చెప్పులు చూసుకుంటూ నిలబడి, "అన్న ఇస్తే ఎక్కుతా మా. ఇయ్యమని నేను మాత్రం అడగను. అడిగినానంటే నాకాడ ఆశ ఉండాదని అనుకుంటాడు" అన్నాడు. మంచివాడు నాయనా. నీకూ తెలుసు.

మొక్కు నీది, చెయ్యి నీది, నేను ఇంక వాదించను. భయపడుతున్నాను, అంతే. ఆ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

ఈ ఉత్తరం సాయంత్రం రైలుకు చిన్నాయన చేతికి ఇస్తాను.

నీ
నిత్య


తిరువళ్ళూరు
మే 30

ప్రియమైన నాయనకు,

వరదన్ చిన్నాయన రైలుకు మళ్ళీ వస్తున్నాడు కానీ ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. దీన్ని ఎవరి చేతికీ ఇవ్వాలని లేదు.

మొన్న కుట్లు తీయించుకోవడానికి వచ్చినప్పుడు గాయం బాగా మానిందని మేడమ్ అన్నది. వేళ్ళు ఆడించమన్నది ఆడిస్తున్నావా? చేతికి వేసిన పట్టీ స్నానానికి తప్ప తీయవద్దు. ఆరు వారాల స్కాన్‌కు తప్పకుండా రావాలి. చెప్పాల్సిన ఆస్పత్రి మాటలు ఇవే. మిగతావి నా మాటలు.

ఆ శుక్రవారం ఉదయం డ్యూటీకి వస్తూ, చీటీ తీసుకునే వరుసలో నిన్ను చూశాను. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడ్డావు. నీ మొహం కన్నా ముందు నీ మణికట్టు చూశాను. దారం లేదు. అది ఉన్నచోట చర్మం మీద పసుపు మరక ఉంది. మర్నాడే తపస్సు. నువ్వు "వచ్చినా మా, ఏం చెయ్యాల్నో చెయ్యండి" అన్నావు. నా మొహం చూడలేదు.

స్కాన్‌లో ఎముక చిట్లినట్టే ఉంది. ముక్కలు కొంచెమే జరిగాయి, చిన్న గాటుతో సరిపోతుందని మేడమ్ అన్నది. మర్నాడే చేసింది. భుజం దగ్గర సూదితో చెయ్యి మొద్దుబార్చారు, నువ్వు మెలకువగానే ఉన్నావు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం. ఆ పసుపు మరకను నేనే మందుతో తుడిచాను. ఒకసారికి పోలేదు, మళ్ళీ తుడిచాను, నీకు స్పర్శ లేదు కాబట్టి తెలిసి ఉండదు. అవతల తెరమీద స్క్రూ ఒక్కో మర ఎక్కుతూ లోపలికి పోతున్నది. ఇవతల నీ పెదవులు కదులుతున్నాయి. మేడమ్ విని, "అప్పా ఎన్న పాడ్రారు?" అని నన్ను అడిగింది. దేవుడి పాట పాడుతున్నాడన్నాను. అది తపస్సు పద్యం. అదే వేళకు ఊళ్ళో మాను కొనన ఆ పద్యం ఇంకెవరో పాడుతున్నారు. ఆ రోజు నేను గుడ్డ అవతల నిలబడి ఏడ్చాను నాయనా. మాస్క్ ఉండబట్టి సరిపోయింది.

నిన్న చిన్నాయన హాస్టల్ దగ్గర ఆగాడు. జరిగింది ఆయన చెప్పేవరకు నాకు తెలియదు. "మీ నాయన తెగిన కాపు చేతిలో పెట్టుకోని గుడికాడికి వచ్చినాడు మా. పదిమంది ముందర నిలబడుకోని, నేనే తెంపుకున్నా అన్నాడు. అప్పుటికప్పుడు నన్ను పిలిచి నాకు కాపు కట్టినారు. నాకు ఏడుపొచ్చింది" అన్నాడు. ఊళ్ళో కొందరు నువ్వు మానుకు భయపడ్డావంటున్నారట. కొందరు కూతురి నర్సు చదువే ఈ పని చేయించిందంటున్నారట.

నిజం చెబుతాను. వినగానే మొదట నాకు గర్వం వచ్చింది. నా మాట నెగ్గింది అనుకున్నాను. నాయన నా చివరి ఉత్తరం చదివి మనసు మార్చుకున్నాడు అనుకున్నాను. ఆ గర్వం ఒక పూట కూడా నిలవలేదు. తర్వాత నీ మొక్కు గుర్తొచ్చింది. అమ్మకు ఎప్పటికీ మాట రాకపోతే నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అనవు, కానీ ప్రతిరోజూ అనుకుంటావు. నా కూతురు భయపెట్టి కాపు తెంపించింది అని. అందుకేనా ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నా మొహం చూడలేదు?

నీ చేత్తో తెంచుకున్నా, తెంపమన్నది నేను. కీడు అంటూ ఉంటే అది నాకు రానీ. నీకు వద్దు.

ఒక్క ముక్క జవాబు రాయి. వేళ్ళు బాగానే ఆడుతున్నాయని నాకు తెలుసు.

నీ నిత్య


మన ఇంటినుంచి
జూలై 11

బంగారు తల్లి నిత్యకు,

నాయన ఆశీస్సులు.

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. చెయ్యి సాకు చెప్పను, నీ దగ్గర చెల్లదు. రాయడం మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను. స్కాన్‌కు వచ్చినప్పుడు కూడా నువ్వు ఏమీ అడగలేదు. తెరమీద ఎముక చూపించి, "అతుక్కుంటా ఉంది నాయనా" అన్నావు, అంతే. వచ్చేటప్పుడు రైల్లో అనుకున్నాను, ఈ పిల్లకు ఇంకా బరువు మోయించకూడదని.

నీ మాట నెగ్గలేదు నిత్యా. నీ చివరి ఉత్తరం బుధవారం రాత్రి వరదన్ ఇచ్చాడు. చదివి జేబులో పెట్టుకున్నాను. మనసు మారలేదు. శనివారం ఎక్కాలనే ఉన్నాను.

గురువారం పొద్దున వళ్ళియమ్మ రావడం ఆలస్యమైంది. మీ అమ్మ కుర్చీకేసి చూపించింది. నేనొక్కణ్ణే లేపబోయాను. సగం లేచాక మణికట్టులో ఏదో కలుక్కుమన్నది, పట్టు విడిచింది. ఆమె నా చేతుల్లోంచి జారి నేలమీద పడింది. తల మంచంకోడుకు తగల్లేదు, అదే పదివేలు. నేను పక్కనే కూలబడ్డాను. లేపలేకపోయాను. పెళ్ళయినప్పటినుంచి ఆ మనిషి ముందు నేను ఏడవలేదు, ఆ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చెయ్యి నొప్పికి కాదు.

ఆమె ఏడవలేదు. పడినచోటే ఉండి నన్నే చూసింది. తర్వాత తన ఎడమచేత్తో నా కుడిచెయ్యి పట్టుకుంది. మెల్లగా మొహం దగ్గరకు తీసుకుంది. కళ్ళకు అద్దుకుంటుందనుకున్నాను.

పళ్ళతో కాపు కొరికింది.

ఆమె నోరు ఒక పక్కే పనిచేస్తుందని నీకు తెలుసు కదా. ఒకసారి జారిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ జారింది. నేను చెయ్యి గుంజుకోవచ్చు. ఆమె పట్టు ఎంత, నా బలం ఎంత. గుంజుకోలేదు. సుబ్బమ్మా, వొద్దు అని కూడా అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు. దారం తెగి ఆమె కొంగు మీద పడింది. పసుపు ఆమె పెదవికి అంటింది. నా తువ్వాలుతో తుడిచాను. అప్పుడే వళ్ళియమ్మ వచ్చి ఇద్దరినీ లేపింది. కాపు తెగి ఉండటం చూసింది కానీ ఎట్లా తెగిందో చూడలేదు.

నువ్వు నర్సువి, నీకు ఇది అర్థం కాకపోవచ్చు. ఆ క్షణాన నాకు నా చెయ్యి గుర్తు రాలేదు, మాను గుర్తు రాలేదు, మొక్కు కూడా గుర్తు రాలేదు. తెంచింది ఆమె. అదొక్కటే తోచింది. ఎవరి చేత్తో తెగితే కీడు వాళ్ళకే. ఇప్పటికే సగం ప్రాణంతో ఉన్న మనిషికి ఇంకా ఏం కీడు రావాలి?

నేరుగా గుడికి పోయాను. పదిమందిలో నేనే తెంపుకున్నానన్నాను. భయపడ్డానంటున్నారని నువ్వు బాధపడొద్దు. వాళ్ళు ఆ మాట అనుకున్నన్ని రోజులూ ఆమె గురించి ఒక్క మాట పుట్టదు. అందరూ పోయాక లోపలికి పోయి అమ్మవారి ముందు నిలబడి అదే చెప్పాను. నేనే తెంపుకున్నా తల్లీ, ఏం చేసినా నన్నే చెయ్యి అన్నాను. అమ్మవారి ముందు నా జీవితంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. మర్నాడు పొద్దున రైలెక్కాను. నీ మొహం చూడనిది కోపంతో కాదు. చూస్తే చెప్పేస్తానని.

మీ అమ్మకు మాట రాలేదు. వస్తుందో రాదో తెలియదు. కానీ మొహం గోడవైపు తిప్పుకోవడం మానేసింది. ఈ రెండు నెలలూ వరదన్, వళ్ళియమ్మ కలిసి ఆమెను ఎత్తుతూ వచ్చారు. మీ మేడమ్ కొంచెం కొంచెం బరువు ఎత్తమన్నది కదా, మొదట చెంబు, తర్వాత బిందె. నిన్న వళ్ళియమ్మను పక్కన నిలబెట్టుకుని రెండు చేతులతో ఆమెను లేపాను. మణికట్టు నిలబడింది. కొంచెం లాగింది కానీ నిలబడింది. కుర్చీలో కూర్చోబెట్టి దిండు సర్దుతుంటే, నా మణికట్టు పట్టుకుని ఆ కుట్ల మచ్చను బొటనవేలితో చాలాసేపు తడిమింది.

ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దు. వరదన్‌కు కూడా వద్దు. కీడు నీ మీదకు తెచ్చుకుంటానని రాశావే, ఆ మాట వెనక్కి తీసుకో. ఎవరడిగినా మా నాయనే తెంపుకున్నాడు అను. ఈసారి ఊరికి వచ్చినప్పుడు గుడికి పోయి అమ్మవారికి కూడా అదే చెప్పు. నేనొక్కణ్ణే చెబితే నమ్మిందో లేదో. ఇద్దరం చెబితే నమ్ముతుంది.

నీ రాకకోసం చూస్తూ,
నాయన